‘లోపు’ అంటే ఏ రోజు? జాతర నాటక పోటీల కమిటీలకు ఒక బహిరంగ లేఖ

పాలమూరు, నల్లగొండ జాతరల్లో, పండుగల్లో నాటకం, యక్షగానం, వేషధారణ పోటీలు పెట్టే కమిటీల పెద్దలకు, కళాపరిషత్తుల నిర్వాహకులకు నమస్కారాలు.

అయ్యా, అమ్మా,

నేను అచ్చంపేట వైపు ఒక ఊళ్లో హార్మోనియం వాయిస్తాను. ఇరవై రెండేళ్లుగా మా ఊరి బృందానికి పద్యాలు, వరుసలు నేర్పుతున్నాను. బృందంలో పద్నాలుగు మందిమి. ఒకాయన టైలరు, ఇద్దరు ఆటో నడుపుతారు, ఒకతను బస్సు కండక్టరు. మిగిలినవాళ్లంతా వ్యవసాయం చేసుకునేవాళ్లు, కైకిలికి పోయేవాళ్లు. రాత్రి అన్నాలు తిన్నాక హనుమాన్ల గుడి దగ్గర చేరి పదకొండింటి దాకా సాధన చేస్తాం.

మీ మీద కోపంతో రాస్తున్న ఉత్తరం కాదిది. ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేసి, టెంటు వేయించి, లైట్లు, మైకు పెట్టించి, వచ్చిన కళాకారులకు అన్నం పెట్టి పంపేది మీరే. మీరు లేకపోతే మాకు స్టేజీయే లేదు. అందుకే మీతోనే చెప్పుకుంటున్నాను. పోటీకి పేరిచ్చే ఆఖరు తేదీ ఏది, మేం స్టేజీ ఎక్కే టైము ఎప్పుడు అన్న రెండు సంగతులు సరిగ్గా తెలియక మా లాంటి బృందాలు చాలా నష్టపోతున్నాయి. తేదీ ముందుగా చెప్పండి. చెప్పిన తేదీ మీద నిలబడండి. నేను అడిగేది ఇదే. ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికే మిగతా ఉత్తరం.

రెండేళ్ల కింద ఒక పోటీ పోస్టర్ మా వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. అడుగున చిన్న అక్షరాల్లో ‘ఆసక్తి గల బృందాలు 20వ తేదీ లోపు పేర్లు నమోదు చేసుకోగలరు’ అని ఉంది. అది మాకు చేరింది 14న. దరఖాస్తుకు అందరి ఆధార్ జిరాక్సులు, ఫొటోలు, ఒక్కొక్కరి సంతకం కావాలి. మాకు కృష్ణుడి వేషం వేసే పిల్లవాడు అప్పుడు పుణెలో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. ఫొటో ఫోన్‌లో పంపాడు కానీ సంతకం కాగితం మీదే ఉండాలన్నారు. ఆ పిల్లవాడు కాగితం మీద సంతకం చేసి, మా వైపు వచ్చే బస్సు డ్రైవరును బతిమాలి ఆయన చేతికిచ్చి పంపాడు. తెల్లవారుజామున రోడ్డు మీద నిలబడి ఆ కవరు తీసుకున్నాను. 20న మధ్యాహ్నం రెండు బస్సులు మారి కమిటీ ఆఫీసుకు పోయాను. టేబుల్ దగ్గర కూర్చున్న అబ్బాయి రిజిస్టర్ మూసి పెట్టి ఉన్నాడు. ‘నిన్నటితో అయిపోయింది పెద్దాయనా. 20 లోపు అంటే 19 దాకనే కదా’ అన్నాడు. నా పక్కన ఇంకో ఊరి బృందం మనిషి కూడా నిలబడి ఉన్నాడు. ఆయన కూడా 20 కలిసే ఉంటుందనుకుని వచ్చాడు. ఇద్దరం బయట చెట్టు కింద కూర్చుని, తెచ్చుకున్న సద్ది తిని ఇళ్లకు వెళ్లిపోయాం.

ఆ అబ్బాయిది తప్పు అనను. లోపు అన్న మాటే అట్లాంటిది. పున్నమి లోపు నాటు వేయాలి అంటే పున్నమి నాడు వేసినా మా ఊళ్లో అది లోపే. రిజిస్టర్ రాసేవాళ్లకు మాత్రం ముందురోజుతోనే ముగుస్తుంది. రెండు అర్థాలున్న మాట మీద నలభై రాత్రుల కష్టం ఆధారపడకూడదు. అందుకని పోస్టర్ మీద ఆ మాట వద్దు. ‘ఫలానా తేదీ, మంగళవారం, సాయంత్రం 5 గంటల వరకు తీసుకుంటాం’ అని రాయండి. ఒక్క లైను పెరుగుతుంది, అంతే. వారం పేరు కూడా రాయమంటున్నది ఎందుకంటే, అచ్చులో తేదీ అంకె తప్పు పడితే వారం చూసి పట్టుకోవచ్చు. గంట కూడా రాయాలి. మాకు సాయంత్రం అంటే గొడ్లు ఇల్లు చేరే వేళ. ఆ వేళకు మీ ఆఫీసుకు తాళం పడుతుంది. పేరు తీసుకున్నాక నంబరు, తేదీ, తీసుకున్నవాళ్ల సంతకం ఉన్న చిన్న చీటీ ఒకటి చేతికివ్వండి. ఆ చీటీ ఉంటే, మా పేరు లిస్టులో ఉందా లేదా అని పోటీ రోజు దాకా టెన్షన్ పడే పని ఉండదు.

పోస్టర్ ఇంత ఆలస్యంగా ఎందుకు వస్తుందని అడిగితే, జాతర ఏర్పాట్లు తేలనిదే తేదీ ఎట్లా చెప్తాం అంటారు. కానీ మన జాతరలు ఎవరో నెల ముందు కూర్చుని నిర్ణయించేవి కావు. కురుమూర్తి జాతర దీపావళి దాటాక కార్తీకంలో వస్తుంది. మన్యంకొండ బ్రహ్మోత్సవాలు మాఘంలో. చెరువుగట్టు జాతరా మాఘంలోనే. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర రెండేళ్లకోసారి, అదీ మాఘంలోనే. ఉగాది నాడు గుడిలో పంచాంగం చదివే నాటికే ఆ ఏడాది తిథులన్నీ అచ్చయి మన చేతుల్లో ఉంటాయి. అంటే కార్తీకంలో పోటీ పెట్టేవాళ్లకు ఏడు నెలలు, మాఘంలో పెట్టేవాళ్లకు పది నెలలు టైము ఉన్నట్టు. బహుమతి ఎంత, జడ్జీలు ఎవరు, ముఖ్య అతిథి ఎవరు అన్నవి నిదానంగా చెప్పినా మాకేం ఇబ్బంది లేదు. పోటీ ఏ రోజు, పేరు ఎప్పటిదాకా ఇవ్వొచ్చు అన్న రెండు తేదీలు మాత్రం పోటీకి రెండు నెలల ముందే రావాలి. తిథి రాసిన చోట ఇంగ్లిష్ తేదీ కూడా రాయండి. ‘సప్తమి రాత్రి’ అని మాత్రమే వేస్తే, పొద్దున ఉన్న సప్తమా, రాత్రికి ఉన్న సప్తమా అని మాలో మాకే తగవు వస్తుంది.

రెండు నెలలు ఎందుకంటే, పాలమూరు వాళ్ల బతుకు మీకు తెలియంది కాదు. మా వేషగాళ్లలో సగం మంది ఏడాదిలో చాలా నెలలు హైదరాబాద్‌లోనో, ముంబైలోనో, పుణెలోనో ఉంటారు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పోయినవాడు రేపు నాటకం ఉందని చెప్పి రాలేడు. నెలరోజుల ముందు చెప్తే ఆ మేస్త్రీయే ‘పోయిరా’ అంటాడు. ఊళ్లో ఉన్నవాళ్లకూ తీరిక ఉండదు. కార్తీకంలో వరికోతలు, పత్తి ఏరే పని. మాఘం నాటికి ఒక పక్క యాసంగి నాట్లు, ఇంకో పక్క పల్లికాయ పీకే పని. పద్నాలుగు మంది ఒకే రోజు పని మానుకోవాలంటే, ఆ రోజు ఏదో ముందు తెలియాలి. ముందు తెలిస్తే ఒకరి చేనులో పని ఒకరు ముందో వెనకో సర్దుకుంటారు.

సాధన సంగతి వేరే చెప్పాలి. రాయబారం సీను ఒక్కటే అయినా, కొత్త పిల్లలతో కట్టాలంటే నాకు నలభై రాత్రులు పడుతుంది. మొదటి పది రాత్రులు పద్యం నోటికి రావడానికే పోతాయి. తర్వాత శ్రుతిలో నిలబడటం, రాగం తీసే చోట ఊపిరి ఎక్కడ పట్టాలో తెలుసుకోవడం. నడక, చూపు, ఎదుటి వేషం పద్యం పాడుతున్నప్పుడు ఊరకే నిలబడటం ఆఖరున వస్తాయి. ఊరకే నిలబడటమే అన్నిటికంటే కష్టం. ఆరు రోజుల గడువు ఇస్తే ఇవేవీ కుదరవు. అప్పుడు ఆ పోటీకి వచ్చేది ఎవరు? అదే సీను ఏడాది పొడవునా ఆడుతూ ఎప్పుడూ తయారుగా ఉండే బృందాలే. వాళ్లంటే నాకు గౌరవమే. కానీ ప్రతి పోటీలో వాళ్లే ఆడుతుంటే మా ఊళ్లో పదిహేడేళ్ల పిల్లవాడు కిరీటం ఎప్పుడు పెట్టుకోవాలి?

గడువు గట్టిగా ఉండాలంటూనే ఒక చోట మాత్రం సడలింపు అడుగుతున్నాను. బృందం పేరు, ఆడే సీను ఆఖరు తేదీకి ఇచ్చేస్తాం. వేషగాళ్ల పేర్లు మార్చుకునే వీలు పోటీ ముందురోజు దాకా ఇవ్వండి. ఒకరికి జ్వరం వస్తుంది, ఒకరికి మేస్త్రీ సెలవివ్వడు. ఇంట్లో చావు జరిగితే మైల, ఆ మనిషి దేవుడి వేషం కట్టడు. అట్లాంటప్పుడు ఇంకొకరిని నిలబెడితే ‘ఈ పేరు దరఖాస్తులో లేదు’ అని మొత్తం బృందాన్ని పక్కకు పెట్టిన పోటీలు చూశాను. పేరు మార్చినందువల్ల పక్క బృందానికి అన్యాయం ఏమీ జరగదు. ఆఖరు తేదీ దాటాక కొత్త బృందాన్ని చేర్చుకుంటేనే అన్యాయం జరుగుతుంది.

ఆ అన్యాయం ఎట్లా ఉంటుందో పోయిన మాఘంలో ఒక రాత్రి మేం అనుభవించాం. ఊరి పేరు, కమిటీ పేరు రాయను.

లిస్టులో మొత్తం పద్నాలుగు బృందాలు. ఒక్కో బృందానికి ముప్పై నిమిషాలు, తెర మార్చుకోవడానికి పదిహేను. సాయంత్రం ఆరింటికి మొదలు. మాది ఏడో నంబరు. లెక్క ప్రకారం పదిన్నరకు మా వంతు. తుఫాన్ బండి మాట్లాడుకుని నాలుగింటికే చేరాం. ఏడింటికి మేకప్ మొదలుపెట్టాం. ముఖానికి కొబ్బరినూనె పట్టించి, దాని మీద నీలం రంగు ఎక్కించి, కాటుకతో కళ్లు, కనుబొమ్మలు దిద్దడానికే గంట. తర్వాత భుజకీర్తులు, వడ్డాణం, ఆఖరున కిరీటం. ఇవన్నీ దారాలతో బిగించి కడతాం. ఒకసారి కట్టాక పడుకోవడానికి లేదు, ఆనుకోవడానికి లేదు. కూర్చుంటే నిటారుగా కూర్చోవాలి. దేవుడి వేషం కట్టేవాళ్లు మా దగ్గర ఆ రోజు ఒక్కపొద్దు ఉంటారు. వేషం విప్పాకనే అన్నం.

ముఖ్య అతిథి రావడం ఆలస్యమై పోటీ ఏడున్నరకు మొదలైంది. గంటన్నర అక్కడ పోయింది. మధ్యలో లిస్టులో లేని మూడు బృందాలు దిగాయి. ఎవరో పెద్దమనిషి ఫోన్ చేశారట, పేర్లు అప్పటికప్పుడు రాశారు. రెండు గంటల పావు అక్కడ పోయింది. సన్మానాలకు, శాలువాలకు ఇంకో గంట దాటింది. మమ్మల్ని పిలిచింది తెల్లవారుజామున మూడు గంటల ఇరవై నిమిషాలకు.

అప్పటికి మా కృష్ణుడు ఏడు గంటలుగా ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. చలికి ముఖం బిగుసుకుపోయి చెంపల మీద రంగు పగుళ్లు బారింది. నుదుటి మీద కిరీటం దారం ఒరిసి ఎర్రగా గీత పడింది. గొంతు ఆరిపోకుండా కలకండ ముక్క బుగ్గన పెట్టుకుని, ఎవరు పలకరించినా చేత్తోనే జవాబు చెప్తున్నాడు. స్టేజీ ఎక్కి మొదటి పద్యం ఎత్తుకోగానే నాకు అర్థమైంది, ఆ శ్రుతి అతనికి అందడం లేదు. ఆ పద్యం కాగానే అర శ్రుతి దించి పట్టాను. రెండో పద్యం రాగం తీసే చోట గొంతు జీరపోయింది. అతను నా వైపు చూశాడు. నేను హార్మోనియం గట్టిగా పట్టి ఆ జాగా దాటించాను. ముందర ముప్పై మంది ఉన్నారేమో, చాలామంది దుప్పట్లు కప్పుకుని పడుకున్నారు. ఇంతలో పోలీసులు వచ్చి సౌండ్ తగ్గించమన్నారు. మైకు తగ్గించారు. ముప్పై నిమిషాలు అన్నది పన్నెండు నిమిషాలకే ముగించమన్నారు. పుణె నుంచి వచ్చిన పిల్లవాడు పన్నెండు నిమిషాలు ఆడి, రంగు కడుక్కుని, పొద్దున బస్సెక్కి వెళ్లిపోయాడు.

పోలీసులనూ ఏమీ అనలేం. 2000లో కేంద్రం తెచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకులు వాడకూడదు. ఉత్సవాలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు. అంతకు మించి లేదు. పాతకాలంలో తెల్లవార్లూ భాగోతం ఆడేవాళ్లు, నిజమే. అది ఒకే ఊరి బృందం, ఒకే కథ, మైకు లేని రోజులు. పద్నాలుగు బృందాల పోటీకి ఆ పద్ధతి పనికిరాదు.

కాబట్టి పేర్లు తీసుకునే ముందే ఒక లెక్క వేయండి. ఆరు నుంచి పన్నెండు దాకా ఆరు గంటలు. ఒక్కో బృందానికి తెర మార్పుతో కలిపి ముప్పావుగంట. ఎనిమిది బృందాలు పడతాయి. ఒక్క క్షణం వృథా కానీయకుంటేనే ఎనిమిది, కాబట్టి ఏడు అనుకోవడం మంచిది. పద్నాలుగు కావాలంటే రెండు రాత్రులు పెట్టండి. రెండు రాత్రులకు డబ్బు లేకపోతే ఏడు బృందాలే తీసుకుని, ఏడు దాటాక వచ్చినవాళ్లకు ‘నిండిపోయింది’ అని ఆ రోజే చెప్పండి. కాదంటే మాకు బాధే. కానీ రమ్మని పిలిచి మూడింటికి స్టేజీ ఎక్కించడం కంటే ఆ బాధ తక్కువ. వరుస నంబర్లకు చీటీలు అందరి ముందు తీయండి, వీలైతే ముందురోజే తీసి ఫోన్‌లో పంపండి. నాలుగో నంబరు అని ముందే తెలిస్తే కిరీటం ఎప్పుడు కట్టాలో మేం చూసుకుంటాం. సన్మానాలు పోటీ అయ్యాక పెట్టుకోండి. ముఖ్య అతిథి ఆలస్యమైనా చెప్పిన టైముకు మొదటి తెర లేపండి. వాళ్లు మధ్యలో వచ్చి కూర్చున్నా వాళ్లకు జరిగే అవమానం ఏమీ లేదు.

పెద్దవాళ్ల ఫోన్లు వస్తాయి. ఊళ్లో ఉంటూ కాదనడం ఎంత కష్టమో తెలుసు. అందుకే ఒక దారి చెప్తున్నాను. గడువు దాటాక వచ్చిన బృందాన్ని పోటీలో కలపకండి. లిస్టులో ఉన్నవాళ్లంతా ఆడాక, టైము మిగిలితే వాళ్లను ప్రదర్శన ఇమ్మనండి. మార్కులు, బహుమతి లేకుండా. ఈ నియమం పోస్టర్ మీదే అచ్చువేస్తే, ఫోన్ వచ్చినప్పుడు మీరు చూపించడానికి ఒక కాగితం ఉంటుంది.

కమిటీలన్నిటికీ కలిపి ఒక మాట. మాఘం వస్తే అటు మన్యంకొండ, ఇటు చెరువుగట్టు. ఆ పదిహేను రోజుల్లోనే చుట్టుపక్కల ఊళ్లన్నీ పోటీలు పెడతాయి. పద్యనాటకానికి హార్మోనియం పట్టేవాళ్లం ఈ ప్రాంతంలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిమి. తబలా వాయించేవాళ్లు ఇంకా తక్కువ. నేనొక్కడినే మూడు ఊళ్ల బృందాలకు వాయిస్తాను. ఒకే రాత్రి రెండు చోట్ల పోటీ పడితే రెండో ఊరి బృందం ఇంట్లో కూర్చోవాల్సిందే. దసరా తర్వాత ఒక రోజు నాలుగు కమిటీల వాళ్లు ఒకరికొకరు ఫోన్ చేసుకుంటే చాలు, ఒక రాత్రి అటో ఇటో జరుగుతుంది. 2016లో, 2019లో జిల్లాలు వేరైనాయి కానీ వాయించే మనుషులం అప్పటివాళ్లమే, అందరికీ కలిపి ఆ కొద్దిమందిమే.

ఒంటరి కళాకారుల గురించి కూడా ఆలోచించండి. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య గారికి 2022లో, బుర్రవీణ వాయించే దాసరి కొండప్ప గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరూ మన పాత మహబూబ్‌నగర్ జిల్లా వాళ్లే. అట్లాంటి విద్య చేతిలో ఉన్నవాళ్లు ఇంకా మన పల్లెల్లో ఉన్నారు. వాళ్లకు వాట్సాప్ గ్రూపు ఉండదు, ఆన్‌లైన్ ఫారం నింపడం రాదు. అమ్రాబాద్ పైన కొన్ని ఊళ్లలో ఫోనుకు సిగ్నల్ దొరకడమే కష్టం. వాళ్ల ఇంటికి మనిషిని పంపి చెప్పి, అక్కడే పేరు రాసుకుని రావాలి. ఆరు రోజుల గడువులో మీకూ ఆ తీరిక ఉండదు. రెండు నెలలుంటే ఉంటుంది.

చిన్నపిల్లల విచిత్ర వేషధారణకు కూడా ఇదే వర్తిస్తుంది. పొద్దున పదింటికి అని పిలిచి ఒకటిన్నరకు మొదలుపెడితే, రుద్రమదేవి వేషం కట్టిన ఆరేళ్ల పాప అట్టముక్క కత్తి ఒళ్లో పెట్టుకుని వాళ్లమ్మ భుజం మీద నిద్రపోయి ఉంటుంది. అట్లా నిద్రపోయిన పాపను లేపి స్టేజీ మీద నిలబెడితే ఏడ్చింది, నేనక్కడే ఉన్నాను. పిల్లల పోటీని పొద్దున్నే పెట్టి, ఎండ ముదిరేలోపల ఇంటికి పంపండి.

మా కృష్ణుడు మొన్న పుణె నుంచి ఫోన్ చేశాడు. ఈసారి మాఘంలో ఏ ఊళ్లో, ఏ తేదీ అని అడిగాడు. మేస్త్రీకి దీపావళి లోపల చెప్పాలట, చెప్తే నాలుగు రోజులు పంపిస్తానన్నాడట. కమిటీ వాళ్లను అడిగి చెప్తానన్నాను. మీ నుంచి తేదీ రాగానే ఆ పిల్లవాడికి ఫోన్ చేసి, ఆ రాత్రి నుంచే సాధన మొదలుపెడతాం.

ఇట్లు,
మా ఊరి నాటక బృందం తరఫున,
హార్మోనియం వాయించే ఒక పల్లెటూరి మనిషి,
అచ్చంపేట ప్రాంతం, నాగర్‌కర్నూల్ జిల్లా